నీలి నీళ్లకు కాపలా

అరిజోనా ఎడారిలో, లోయ అడుగున హవాసు జలపాతం. 16 కిలోమీటర్లు నడిస్తేనే కనిపించే ఆ నీళ్ల వెనక పోయిన నేలను 93 ఏళ్లకు తిరిగి తెచ్చుకున్న ఓ చిన్న జాతి కథ ఉంది.

తెల్లవారుజామున నాలుగున్నర. హువాలపాయ్ హిల్‌టాప్ అనే ఆ కొండ కొసన పెట్రోలు బంకు లేదు, టీ కొట్టు లేదు, తాగునీటి కుళాయి కూడా లేదు. ఉన్నదల్లా బారులుదీరిన కార్లు, నుదుటికి లైట్లు కట్టుకున్న మనుషులు, చీకట్లో ఎక్కడో గుర్రాల సకిలింపు. రోడ్డు ఇక్కడితో సరి. ఇక్కణ్నుంచి కాళ్లనే నమ్ముకోవాలి. కాదంటే గుర్రాన్నో, హెలికాప్టర్‌నో.

''మామా, ఇంకోసారి ఆలోచించుకో. పోయేటప్పుడు అంతా దిగుడే. వచ్చేటప్పుడు ఉంటుంది కథ'' అన్నాడు మేనల్లుడు. ఫీనిక్స్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. ఈ పర్మిట్ కోసం రెండేళ్లు ప్రయత్నించాడు. తీరా దొరికాక తోడు వస్తానన్న స్నేహితుడికి సెలవు దొరకలేదు. చూసిపోదామని వచ్చిన నాకు ఆ ఖాళీ దక్కింది. వయసు 58. ఎడమ మోకాలు నా మాట వినడం మానేసి నాలుగేళ్లయింది.

కొండెక్కడం మనకు కొత్త కాదు. అలిపిరి నుంచి 3,550 మెట్లెక్కి తిరుమల చేరినవాళ్లు ప్రతి ఇంట్లోనూ ఉంటారు. కానీ అక్కడ కష్టమంతా ముందుంటుంది. దర్శనమయ్యాక బస్సెక్కి కిందికొచ్చేయొచ్చు. ఇక్కడ లెక్క తిరగబడింది. దర్శనం ముందు, మెట్లు తర్వాత. సత్తువంతా ఉన్నప్పుడు దిగాలి, మూడు రోజులు నేలమీద పడుకుని ఒళ్లు హూనమయ్యాక ఎక్కాలి. ఎడారి లోయల్లో నడక ఏటా కొందరి ప్రాణాల మీదికి తెచ్చేది ఈ తిరకాసు వల్లే. దిగడం తేలిక కాబట్టి మనిషి తన బలాన్ని ఎక్కువగా అంచనా వేసుకుంటాడు.

కడప బండలు పేర్చినట్టు

మొదటి రెండున్నర కిలోమీటర్లలోనే దారి దాదాపు 300 మీటర్లు కిందికి దిగుతుంది. కొండ అంచును పట్టుకుని, పాము మెలికల్లా. తెల్లవారేసరికి మేం సగం మెలికలు దాటాం. వెలుగు రాగానే ఎదుటి గోడ కనిపించింది. పైన తెల్లటి సున్నపురాయి, దాని కింద లేత పసుపు ఇసుకరాయి, ఇంకా కింద ఇటుక రంగు పొరలు. ఎవరో తీరిగ్గా కడప బండలు పేర్చినట్టుంది. ఆ ఎర్ర పొరలకు భూగర్భ శాస్త్రవేత్తలు పెట్టిన పేరు సూపాయ్. మేం వెళ్తున్న ఊరి పేరు కూడా అదే.

నాకు ఇలాంటి గోడలు పరిచయమే. మాది జమ్మలమడుగు వైపు. గండికోట దగ్గర పెన్నా నది ఎర్రమల కొండల్ని కోసిన చోటు చూసి అందరూ 'భారతదేశపు గ్రాండ్ కాన్యన్' అంటుంటారు. అసలు గ్రాండ్ కాన్యన్‌ను చూడాలని చిన్నప్పటి నుంచీ ఉన్న కోరిక అదే. అయితే లక్షల మంది బస్సుల్లో దిగి ఫొటోలు తీసుకునే దక్షిణ అంచు వేరు. ఇది దానికి పడమర దిక్కున, పార్కు హద్దుల అవతల ఉన్న హవాసుపాయ్ జాతి సొంత నేల. ఇక్కడ రోజువారీ సందర్శన లేదు. పొద్దున వెళ్లి సాయంత్రం తిరిగొస్తామంటే కుదరదు. ముందే డబ్బు కట్టి, రాత్రి బసకు పర్మిట్ తీసుకున్నవాళ్లకే ప్రవేశం.

మెలికలు అయిపోయాక దారి ఎండిపోయిన వంక అడుగునకు చేరుతుంది. కాళ్ల కింద గులకరాళ్లు, ఇసుక. రెండు వైపులా గోడలు క్రమంగా దగ్గరకు జరుగుతాయి. నీటి చుక్క లేదు. ఏడు గంటలకు ఎదురుగా దుమ్ము రేగింది. కంచరగాడిదల గుంపు, వెనక గుర్రం మీద ఓ కుర్రాడు. వాటికి దారివ్వాలంటే లోయ వైపు కాకుండా గోడ వైపు నిలబడాలన్నది నియమం. మేం గోడకు అతుక్కుపోయాం. ముందున్న జంతువు వీపుమీద ప్లాస్టిక్ డబ్బాలు కట్టి ఉన్నాయి.

''అది పోస్టు మామా'' అన్నాడు మావాడు.

అమెరికాలో ఇప్పటికీ కంచరగాడిదల మీద టపా చేరే ఊరు సూపాయ్ ఒక్కటే. ఉత్తరాలే కాదు, ఆహార సరుకుల్లోనూ చాలావరకు తపాలా ద్వారానే దిగుతాయి. మనిషిని చంద్రుడి మీదికి పంపిన దేశంలో ఓ ఊరికి బియ్యం బస్తా ఇప్పటికీ నాలుగు కాళ్ల మీదే చేరుతోంది. దాన్ని వెనకబాటుతనం అనుకుంటే పొరపాటు. రోడ్డు లేకపోవడమే ఈ ఊరికి ఇన్నాళ్లూ కోటగోడ.

చెట్టు కనిపిస్తే ఊరొచ్చినట్టే

పది కిలోమీటర్లు దాటాక గాలి మారింది. ముందు చల్లదనం తగిలింది, ఆ తర్వాత చప్పుడు వినిపించింది. మలుపు తిరగ్గానే పచ్చటి కాటన్‌వుడ్ చెట్లు, వాటి మొదళ్లలో పరుగెత్తే ఏరు. రెండు గంటలుగా రాయి, ఇసుక తప్ప ఏమీ చూడని కళ్లకు ఆ పచ్చదనం నమ్మబుద్ధి కాలేదు. భూమి లోపలి నుంచి ఊటగా పైకొచ్చే ఈ నీరు ఏడాది పొడవునా ఆగదు. వేడి కూడా పెద్దగా మారదు, దాదాపు 21 డిగ్రీల సెల్సియస్.

ఊళ్లోకి అడుగుపెట్టేముందు కనిపించేవి రెండు రాతి స్తంభాలు. కొండ మీద నిలబడి ఊరిని చూస్తున్నట్టుంటాయి. వాటిని విగ్లీవా అంటారు. తమను కాపాడే దేవతలు వాళ్లేనని, అవి కూలిన రోజు తమ కథ ముగిసినట్టేనని హవాసుపాయ్‌ల నమ్మకం. మన ఊరి పొలిమేరలో పోలేరమ్మ ఉన్నట్టే.

సూపాయ్‌లో ఉండేది రెండు వందల మందికి కొంచెం అటూ ఇటూ. ఓ బడి, చర్చి, దుకాణం, చిన్న హోటలు, పోస్టాఫీసు, హెలికాప్టర్ దిగే మైదానం. ఇళ్ల ముందు గుర్రాలు. పై చదువులకు పిల్లలు లోయ దాటి బయటికి వెళ్లాల్సిందే. ఊళ్లో మద్యం నిషేధం. అడగకుండా మనుషుల్నీ, ఇళ్లనూ ఫొటోలు తీయొద్దు. డ్రోన్లు ఎగరేయొద్దు. ఈ నియమాలు రాసిన బోర్డు చూసి ఓ యాత్రికుడు విసుక్కున్నాడు. నాకు మాత్రం సబబే అనిపించింది. మన వీధిలోంచి రోజూ వందల మంది వీపుసంచులతో నడుస్తూ మన పెరట్లోకి కెమెరా పెడితే ఊరుకుంటామా?

ఓ ఇంటి ముందు బల్ల మీద ఫ్రై బ్రెడ్ అమ్ముతున్నారు. మైదాపిండి ముద్దను చేత్తో సాగదీసి నూనెలో వేయించి ఇస్తారు. మన పూరీకి పెద్దన్న, భటూరాకు దగ్గర చుట్టం. సొంత నేలల్లోంచి గెంటేశాక ప్రభుత్వం రేషన్‌గా ఇచ్చిన పిండి, కొవ్వుతో నైరుతి అమెరికాలోని ఆదివాసీలు చేసుకున్న వంటకమిది. ఆకలి పుట్టించిన తిండి ఇప్పుడు పర్యాటకుల చిరుతిండి. చెరొకటి తిని, నీళ్లు నింపుకుని కదిలాం. ఇంకా మూడు కిలోమీటర్లుంది.

సున్నం చేసిన అద్భుతం

హవాసు జలపాతం ఎదురుగా కనిపించదు. దారి పక్కనే, కాళ్ల కింద, ఉన్నట్టుండి తెరుచుకుంటుంది. ఎర్రటి గోడ మధ్య నుంచి దాదాపు 30 మీటర్ల లోతుకు దూకే తెల్లటి ధార. కింద మడుగు రంగు చెప్పాలంటే మాటలు వెతుక్కోవాలి. నెమలి మెడ నీలం అందామా అంటే అంత ముదురు కాదు. లేత మామిడాకు పచ్చ అంటే అంత ఆకుపచ్చా కాదు. రెంటి మధ్య ఎక్కడో ఆగింది. ఈ రంగే ఆ జాతికి పేరు తెచ్చింది. హవాసుపాయ్ అంటే నీలాకుపచ్చ నీళ్ల మనుషులు అని అర్థం.

ఈ మాయ చేసింది సున్నం. పైన పీఠభూమి మీద పడిన వాన, మంచు సున్నపురాతి పొరల్లోంచి ఏళ్ల తరబడి ఇంకి, దారిలో సున్నాన్ని కరిగించుకుని ఊటగా బయటికొస్తుంది. గాలి తగలగానే ఆ సున్నం మళ్లీ గట్టిపడి బయటపడుతుంది. నీళ్లలో తేలే సన్నటి నలకలు వెలుతురులోని నీలాన్ని వెదజల్లుతాయి. అడుగున పేరుకున్న తెల్లటి పొర ఆ రంగును ఇంకా ప్రకాశవంతం చేస్తుంది. కొమ్మ పడితే కొమ్మ మీద, రాయి ఉంటే రాయి మీద సున్నం పేరుకుని మెట్లు మెట్లుగా సహజమైన ఆనకట్టలు కడుతుంది. ట్రావర్టీన్ అనే రాయి అదే. బెలూం గుహల్లో పైకప్పు నుంచి వేలాడే రాతి ఊడలు చూసినవారికి ఈ రసాయనం పరిచయమే. అక్కడ చుక్కలు చేసిన పనిని ఇక్కడ ఓ ఏరు చేస్తోంది.

మావాడు బూట్లు విప్పి మడుగులోకి దూకాడు. నేను ఒడ్డున రాతి మీద కూర్చుని కాళ్లు వేలాడేశాను. మోకాలికి అంత హాయి నాలుగేళ్లలో ఏ మందూ ఇవ్వలేదు.

క్యాంప్‌గ్రౌండ్ ఇక్కణ్నుంచి మొదలై ఏటి వెంట దాదాపు ఒకటిన్నర కిలోమీటర్లు సాగుతుంది. దాని చివర మూనీ జలపాతం. ఎత్తు దాదాపు 60 మీటర్లు, హవాసుకు రెట్టింపు. 1880ల ఆరంభంలో ఇక్కడ తాడు పట్టుకుని దిగబోయి పడి చనిపోయిన ఓ గని అన్వేషకుడి పేరది. స్థానికులకు మాత్రం అది నీళ్ల తల్లి. కిందికి వెళ్లాలంటే గని మనుషులు తొలిచిన రెండు సొరంగాల్లోంచి దూరి, గోడకు కొట్టిన ఇనుప గొలుసులు పట్టుకుని, తడిసి జారే చెక్క నిచ్చెనలు దిగాలి. తుంపర ఎప్పుడూ పడుతూనే ఉంటుంది. నేను రెండో సొరంగం నోటి దాకా వెళ్లాను. కిందికి చూశాను. మోకాలితో మాట్లాడాను. వెనక్కి వచ్చేశాను. మేనల్లుడు దిగాడు. మరో ఐదారు కిలోమీటర్లు ఏట్లో నడిచి బీవర్ జలపాతం కూడా చూసొచ్చాడు. ఆ పూట పైన ఒంటరిగా కూర్చుని చూడటంలో నాకు తక్కువైందేమీ లేదు.

518 ఎకరాల జాతి

ఆ రాత్రి పొయ్యి లేదు. ఈ లోయలో మంట వెయ్యకూడదు. గ్యాస్ బుడ్డి మీద అన్నం ఉడికించి, చెనిక్కాయల పొడి కలుపుకుని తింటూ మావాడు ఓ సంగతి చెప్పాడు. వాడు ఎంఎస్ చేసింది టెంపేలోని అరిజోనా స్టేట్ యూనివర్సిటీలో. తెలుగు పిల్లలకు బాగా తెలిసిన పేరే.

1990లో ఆ విశ్వవిద్యాలయం పరిశోధకులు సూపాయ్ వచ్చారు. ఊళ్లో మధుమేహం బాగా ఎక్కువ. కారణం కనుక్కుంటారని జనం నమ్మకంతో రక్తమిచ్చారు. ఆ రక్తాన్ని తమకు చెప్పకుండానే మానసిక వ్యాధుల మీద, దగ్గరి సంబంధాల పెళ్లిళ్ల మీద, తమ పూర్వీకుల వలసల మీద అధ్యయనాలకు వాడారని 2003లో బయటపడింది. పూర్వీకులు ఆసియా నుంచి వచ్చారన్న నిర్ధారణలు కూడా వాటిలో ఉన్నాయి. ఈ లోయే తమ పుట్టిల్లని తరతరాలుగా చెప్పుకునేవాళ్లకు అది మరో దెబ్బ. కేసులు నడిచాయి. 2010లో రాజీ కుదిరింది. 41 మందికి 7 లక్షల డాలర్లు చెల్లించి, మిగిలిన రక్త నమూనాలను తిరిగి ఇచ్చేశారు. పరిశోధనలో అనుమతి అంటే ఏమిటన్న పాఠంలో ఇప్పుడు ఈ ఉదంతం ప్రపంచమంతటా కనిపిస్తుంది.

''క్లాసులో చెప్పినప్పుడు ఓ కేసు స్టడీ అనుకున్నా మామా. ఇక్కడికొచ్చాక ఆ బల్ల దగ్గర రొట్టె ఇచ్చినావిడ ముఖం చూడలేకపోయా'' అన్నాడు.

రక్తానికి ముందు పోయింది భూమి. హవాసుపాయ్‌లు ఎండాకాలం లోయలో మొక్కజొన్న, చిక్కుడు, గుమ్మడి పండించేవారు. చలికాలం పీఠభూమి మీదికెక్కి వేటాడేవారు. లోయలో చలికాలం ఎండ పడేది కొద్ది గంటలే కాబట్టి, పైన నేల లేకపోతే వారికి సగం బతుకు లేనట్టే. 1880లో వారికి ఓ రిజర్వేషన్ ఇచ్చారు. 1882లో దాన్ని కుదించి 518 ఎకరాలకు తెచ్చారు. అంటే లోయ అడుగున పొలాలు, ఇళ్లు మాత్రమే. 1919లో గ్రాండ్ కాన్యన్ జాతీయ పార్కయింది. దక్షిణ అంచు నుంచి దిగే దారిలో వాళ్లు సాగుచేసుకున్న తోటలున్న చోట మిగిలిన చివరి హవాసుపాయ్‌ను 1928లో పంపేశారు. ఆ చోటును ఇండియన్ గార్డెన్ అనేవారు. పార్కు వచ్చి శతాబ్దం దాటాక, 2022లో, దాని పేరు హవాసుపాయ్ గార్డెన్స్‌గా మార్చారు.

వాళ్లు అడగడం మానలేదు. అర్జీలు పెట్టారు, వాషింగ్టన్ వెళ్లారు, ఓడిపోయారు, మళ్లీ వెళ్లారు. 1975 జనవరి 3న అధ్యక్షుడు జెరాల్డ్ ఫోర్డ్ సంతకంతో దాదాపు 1,85,000 ఎకరాలు తిరిగి వారి చేతికొచ్చాయి. మేం పడుకున్న ఈ క్యాంప్‌గ్రౌండ్ కూడా అందులోదే. అంతకుముందు పార్కు అధికారుల చేతిలో ఉండేది.

''పోయిన భూమి తిరిగి వస్తుందా? అట్లా కూడా జరుగుతుందా?'' అన్నాడు మావాడు.

వాడి ప్రశ్న నాకు వేరేలా తగిలింది. మా అమ్మ, అంటే వాడి అమ్మమ్మ, పుట్టిన ఊరు గండికోట జలాశయం ముంపులో పోయింది. ఆ నీళ్లు ఎండిన పొలాలకు కావలసినవే. కాదనను. కానీ అమ్మ ఇప్పటికీ ఆ వైపు బస్సెక్కితే కిటికీ పక్కన కూర్చోదు. పరిహారం గురించి, పునరావాస కాలనీ గురించి మాట్లాడుకున్నామే తప్ప, తిరిగి రావడమన్న మాట మా ఇంట్లో ఎవరి నోటా రాలేదు. 93 ఏళ్లు ఆ మాట అంటూనే ఉన్నవాళ్లు ఈ లోయలో ఉన్నారు.

వాన ఎక్కడో, వరద ఇక్కడ

తిరిగొచ్చిన నేలకు గండాలు తీరిపోలేదు. మొదటిది వరద. రాయలసీమలో వంక ఒడ్డున పెరిగినవాళ్లకు ఎవరూ చెప్పక్కర్లేదు. ఇక్కడ ఆకాశం నిర్మలంగా ఉన్నా, పైన ఎక్కడో కురిసిన వాన వంకలో గోడలా దూసుకొస్తుంది. ఈ లోయకు నీరు చేరే ప్రాంతం పీఠభూమి మీద చాలా దూరం పరుచుకుని ఉంది. రాతి నేల కాబట్టి ఇంకేది తక్కువ. 2008 ఆగస్టులో పైన ఓ మట్టికట్ట తెగడంతో వచ్చిన వరద ఏటి దారినే మార్చేసింది. అప్పటిదాకా ఫొటోల్లో కనిపించిన నవాజో జలపాతం ఎండిపోయింది. దాని దగ్గర్లోనే రెండు కొత్త జలపాతాలు పుట్టాయి. 2010లో, 2018లో, 2022లో మళ్లీ వరదలు. 2024 ఆగస్టులో వచ్చిన వరదలో ఓ యాత్రికురాలు కొట్టుకుపోయి చనిపోయారు. వందమందికి పైగా జనాన్ని హెలికాప్టర్లలో తరలించారు. కొవిడ్ వల్ల 2020 మార్చిలో మూసిన లోయ మళ్లీ తెరుచుకుంది 2023 ఫిబ్రవరిలోనే. పర్యాటకమే ప్రధాన ఆదాయమైన ఊరు దాదాపు మూడేళ్లు తలుపులు మూసుకుంది. వృద్ధుల ప్రాణాల ముందు డబ్బు లెక్క కాదనుకుంది.

రెండో గండం కంటికి కనిపించదు. దక్షిణ అంచు సమీపంలో, రెడ్ బ్యూట్ అనే పవిత్రమైన కొండ దగ్గర పిన్యన్ ప్లెయిన్ అనే యురేనియం గని ఉంది. ఒకప్పటి పేరు కాన్యన్ మైన్. దశాబ్దాల పాటు వివాదాల్లో నానిన ఈ గనిలో 2024 జనవరిలో ఖనిజం తవ్వడం మొదలైంది. అంతకు కొద్ది నెలల ముందే, 2023 ఆగస్టులో, అధ్యక్షుడు జో బైడెన్ గ్రాండ్ కాన్యన్ చుట్టూ ఆదివాసీల పూర్వీకుల నేలను జాతీయ స్మారక ప్రాంతంగా ప్రకటించారు. కొత్త గనులకు అడ్డుకట్ట పడింది కానీ, అప్పటికే హక్కులున్న ఈ గనికి అది వర్తించలేదు.

గని యజమానుల వాదన: ఖనిజానికి, లోతైన భూగర్భ జలానికి మధ్య గట్టి రాతి పొరలున్నాయి, రాష్ట్ర నియంత్రణ సంస్థ పర్యవేక్షిస్తోంది, ముప్పు లేదు. హవాసుపాయ్‌ల ప్రశ్న: రాళ్ల లోపల నీరు ఏ పగుళ్లలోంచి ఎటు నడుస్తుందో పూర్తిగా తెలుసా? గని బావి తవ్వుతున్నప్పుడే పై పొరలోని నీటి ఊట తగిలి నీళ్లు తోడాల్సి వచ్చిందన్నది నిజం. నీరు పాడైతే కంపెనీ మరో చోటికి వెళ్తుంది, మేం ఎక్కడికి వెళ్లాలి అన్నది వారి అసలు మాట. పేరులోనే నీళ్లున్న మనుషులు నీళ్లు లేకుండా ఏమవుతారు?

ఈ మాట మనకు కొత్తది కాదు. 2019లో నల్లమలలో యురేనియం అన్వేషణ అనగానే చెంచులు అడిగింది కూడా ఇదే. ఉద్యమం ఊపందుకున్నాక, ఆ ఏడాది సెప్టెంబర్‌లో తెలంగాణ శాసనసభ వ్యతిరేక తీర్మానం చేసింది. మా కడప జిల్లాలోనే తుమ్మలపల్లె గని చుట్టుపక్కల రైతులు బోరునీళ్లు పాడయ్యాయని ఏళ్లుగా చెబుతున్నారు. గని సంస్థ కాదంటూనే ఉంది. కరెంటు అందరికీ కావాలి. దానికి కట్టే మూల్యం మాత్రం ప్రతిసారీ వేళ్ల మీద లెక్కపెట్టగల జనం ఉన్న ఊళ్లకే పడుతోంది.

వెళ్లాలనుకుంటే

ఫీనిక్స్ నుంచి హిల్‌టాప్‌కు కారులో నాలుగు గంటలకు పైనే పడుతుంది. పాత 66వ నంబరు రహదారి వదిలాక చివరి 100 కిలోమీటర్లలో పెట్రోలు, తిండి దొరకవు. రాత్రిళ్లు రోడ్డు మీద పశువులు, దుప్పులు అడ్డొస్తాయి. క్యాంప్‌గ్రౌండ్ పర్మిట్ ఆన్‌లైన్‌లో ముందే తీసుకోవాలి. కొన్నేళ్లుగా మూడు రాత్రుల బస తప్పనిసరి. మనిషికి 400 డాలర్ల పైమాటే. వేసవిలో లోయ 40 డిగ్రీలు దాటుతుంది. జూలై నుంచి సెప్టెంబర్ దాకా వాన మబ్బుల కాలం. ఏప్రిల్, మే తొలి రోజులు, అక్టోబర్ మేలు. ఒక్కొక్కరికి కనీసం మూడు, నాలుగు లీటర్ల నీళ్లు మోయాలి. 2024 జూన్‌లో పలువురు యాత్రికులు వాంతులు, విరేచనాలతో మంచాన పడ్డారు కాబట్టి, ఊట నీళ్లయినా వడపోసి తాగడం, చేతులు సబ్బుతో కడుక్కోవడం మంచిది. తెచ్చిన చెత్త తిరిగి మోసుకెళ్లాలి. ఇది ఆ ఊరి ఇల్లు, మన పిక్నిక్ స్థలం కాదు.

మెట్ల లెక్క

నాలుగో రోజు తెల్లవారుజామున మూడింటికే బయల్దేరాం. ఊరు దాటేసరికి కుక్కలు తప్ప ఎవరూ లేవలేదు. వంకలో పది కిలోమీటర్లు పెద్దగా తెలియలేదు. చివరి మెలికల దగ్గరికి వచ్చేసరికి ఎనిమిదిన్నర. ఎండ గోడ మీదికి దిగింది.

సగం ఎక్కేసరికి ఎడమ పిక్క పట్టేసింది. కాలు కదలదు. రాతి మీద కూలబడ్డాను. నీళ్లున్నాయి, కానీ చెమటతో పోయింది నీళ్లొక్కటే కాదు. మావాడు సంచిలోంచి ఓ సీసా తీశాడు. వాళ్లమ్మ పంపిన నిమ్మకాయ ఊరగాయ. ''ఉప్పు మామా, నాకు. ఇంతకంటే మంచి ఓఆర్ఎస్ లేదు'' అన్నాడు. ఊరగాయ నాలిక్కి రాసుకుని, నీళ్లు తాగి, పావుగంట కూర్చున్నాను. మమ్మల్ని దాటుతూ ఆగిన ఓ అమెరికన్ జంట అదేమిటని అడిగింది. వాళ్లకూ ఓ ముక్క పెట్టాం. అబ్బాయి కళ్లు ఎర్రబడ్డాయి కానీ, ఇంకో ముక్క అడిగాడు.

నా సంచి మావాడు ముందు వైపు తగిలించుకున్నాడు. యాభై అడుగులు, ఓ నిమిషం విశ్రాంతి. మళ్లీ యాభై అడుగులు. మధ్యలో టపా గుంపు మళ్లీ ఎదురైంది. గోడకు ఆనుకుని దారిచ్చాం. ఈసారి వెనక గుర్రం మీదున్న కుర్రాడు తలాడించాడు. రోజూ ఈ దారి ఎక్కి దిగేవాడికి మా అవస్థ తెలియనిది కాదు. పదిన్నరకు పైకి చేరాం.

కారు నీడలో కూర్చుని బూట్లు విప్పాను. మూడు రోజులు మడుగులో తడిపి ఆరేసిన తువ్వాలు సంచిలోంచి తీస్తే గంజి పెట్టినట్టు బిరుసుగా ఉంది. దులిపితే సన్నటి తెల్లటి పొడి రాలింది. సున్నం. కొండలు కరిగి ఏరైన సున్నం, ఏట్లో మెట్లు కట్టిన సున్నం. ఆ పొడిని కాసేపు వేళ్ల మధ్య నలుపుకున్నాను. ఏ రంగూ లేదు. నీలం నీళ్లతో పాటు అక్కడే ఉండిపోయింది.

ఇంటికి ఫోన్ చేస్తే అమ్మ ఎత్తింది. ఏం చూశావని అడిగింది. పోగొట్టుకున్న ఊరిని తిరిగి తెచ్చుకున్నవాళ్లను చూశానని చెప్పాను. అవతల కాసేపు చప్పుడు లేదు.

''ఎన్నేళ్లు పట్టింది నాయనా?'' అంది.